ఫెర్రీ కోసం ఆగే విమానం

ఉదయం తొమ్మిదీ తొమ్మిదికి తోరిల్ ముందున్న తెర తెల్లబడిపోయింది. దాని నడుమ చిన్న చక్రమొకటి తిరగడం మొదలుపెట్టింది. ఆమె రెండు నిమిషాలు ఓపిక పట్టి, మూడో నిమిషంలో ఫోనెత్తి సహాయ కేంద్రానికి చెప్పింది. అవతలివాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని, చివర 418 ఉన్న పొడవాటి నంబరొకటి ఇచ్చారు. తోరిల్ దాన్ని పెన్సిలుతో తన కాగితం మీద రాసుకుంది.

ఆ కాగితం మీద అప్పటికే పంతొమ్మిది పేర్లున్నాయి. పొద్దున్నుంచి వచ్చినవాళ్ల పేర్లు, పెట్టెల బరువులు, సీట్ల నంబర్లు. ఇవన్నీ కంప్యూటర్లోనూ ఉంటాయి, రాయనవసరం లేదు. కానీ ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టిన రోజున పాత స్టేషన్ పెద్ద ఆమెకు చెప్పిన మొదటి మాట, విమానం బరువు నీ చేతిరాతలో ఉండాలని. ఆయన పోయాడు, ఆయన నేర్పిన లెక్క ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. తోరిల్ మాత్రం రాస్తూనే ఉంది.

"మళ్లీ మబ్బేసిందా?" అన్నాడు ఐలిఫ్, చేతి తొడుగులు విదిలించుకుంటూ లోపలికొచ్చి. సాన్‌వోగ్ విమానాశ్రయంలో ఉన్నది అయిదుగురు మనుషులు. ఆ అయిదుగురే పెట్టెలు మోస్తారు, రన్‌వే మీద మంచు తీస్తారు, అగ్నిమాపక బండి నడుపుతారు. ఇవాళ ఈ పూటకు ఉన్నది తోరిల్, ఐలిఫ్.

"వేసింది."

"మనకిక్కడ మబ్బులు తక్కువయ్యాయనా, ఇంకోటి అద్దెకి తెచ్చారు?"

తోరిల్ నవ్వలేదు. ఈ హాస్యం మూడు వారాలుగా వింటోంది. నవంబరు మొదట్లో కంపెనీ వ్యవహారమంతా క్లౌడ్ మీదికి ఎక్కించారు. అంతకు ముందు వెనక గదిలో బల్ల కింద గుర్రుగుర్రుమంటూ ఒక కంప్యూటర్ పెట్టె ఉండేది. టికెట్లు, బరువులు, సీట్లు, అన్నీ అందులోనే. ఆ పెట్టె వేడికి ఐలిఫ్ తడిసిన మేజోళ్లు ఆరేసుకునేవాడు. తర్వాత వాళ్ల కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నది, దాన్ని ఎక్కడో దూరదేశపు పెట్టుబడిదారులు కొన్నారు. వాళ్లకు నాలుగు దేశాల్లో రెండొందల పైచిలుకు స్టేషన్లు. అన్నింటికీ ఒకటే వ్యవస్థ, ఒకటే నియమం. లెక్కలు చేసే యంత్రాలు ఒక దేశంలో, సహాయం అడిగితే పలికేవాళ్లు లిథువేనియాలో. ఇక్కడ మిగిలింది ఒక తెర, ఒక తీగ.

ఆ ఒకటే నియమం ఏమిటంటే, విమానం బయలుదేరే సమయానికి నలభై నిమిషాల ముందు ప్రయాణికుల జాబితా దానంతటదే మూసుకుపోతుంది. సాన్‌వోగ్ విమానం పదింపావుకి. అంటే తొమ్మిదీ ముప్పై అయిదుకి తలుపు పడుతుంది. గ్రోసెయ దీవి నుంచి ఫెర్రీ తొమ్మిదీ నలభైకి రేవుకొస్తుంది.

ఫెర్రీ వేళలు జిల్లా వాళ్లవి, విమానం వేళలు కంపెనీవి. ఆ అయిదు నిమిషాల ఎడం అందరికీ తెలుసు, ముప్పై ఏళ్లుగా ఎవరికీ అది అడ్డు కాలేదు. ఫెర్రీ వాళ్లు వచ్చేదాకా తోరిల్ జాబితా తెరిచే ఉంచేది. రేవు నుంచి ఇక్కడికి టాక్సీలో ఆరు నిమిషాలు. గాలి ఎక్కువగా ఉంటే ఎనిమిది. విమానం ఎప్పుడూ వేళకే లేచేది.

కొత్త వ్యవస్థ వచ్చాక తోరిల్ మూడు విన్నపాలు పంపింది: మా ఊరికి నలభై కాదు, ఇరవై అయిదు పెట్టండి. మూడింటికీ రెండేసి రోజుల్లో జవాబొచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది, ఫిర్యాదు మూసివేయబడింది. ఏం పరిష్కరించారో లేదు. దానితో ఆమె నాలుగు పేజీల ఉత్తరం రాసింది, కామా కూడా తప్పు పోకుండా. ఫలితం వచ్చింది. ఇకమీదట ఫిర్యాదు చేసినవారు "అవును, పరిష్కారమైంది" అని చెబితే తప్ప ఏ ఫిర్యాదునీ మూయరట. నలభై మాత్రం నలభైగానే ఉంది. తలనొప్పని పోతే కాలికి కట్టుకట్టి పంపించినట్టయింది.

అందుకని సాన్‌వోగ్ వాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. ఫెర్రీ నడిపే కోరె లైట్‌హౌస్ దాటగానే ఫోన్ చేసి, విమానానికి ఎవరెవరు వస్తున్నారో చెబుతాడు. తోరిల్ ముప్పై అయిదు లోపల వాళ్ల పేర్లు ఎక్కించేస్తుంది. మనిషిని చూడకుండా ఎక్కించడం పద్ధతి కాదని ఆమెకు తెలుసు. కానీ కోరె చూశాడు కదా.

తొమ్మిదీ ఇరవై రెండుకి కోరె ఫోన్ చేశాడు.

"ఇవాళ నీకు ఒక్కరే. మాగ్నీ అత్త. కంటి ఆపరేషన్‌కి వెళ్తోంది, తెలుసుగా?"

"తెలుసు."

"కొత్త కోటేసుకుంది. చెప్పొద్దంది, చెప్పానని చెప్పకు."

"కోరె, ఇక్కడ తెర ఆగిపోయింది."

"ఆగితే మళ్లీ వస్తుందిలే. నేనైతే వేళకే వస్తున్నా," అని అతను పెట్టేశాడు.

మాగ్నీకి డెబ్బై ఒకటి. తోరిల్ పుట్టింది కూడా గ్రోసెయలోనే, మాగ్నీ ఇంటికి రెండిళ్లవతల. ఆవిడ కుడికన్ను రెండేళ్ల కిందటే పోయింది. లోపలి ఒత్తిడి పెరిగి, మెల్లగా, నొప్పి లేకుండా పోయింది. అందుకే ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఎడమకన్నూ అదే దారి పట్టింది. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు ఆరు వారాలకోసారి, ఈ విమానం దిగే బూదె ఊళ్లోని ఆసుపత్రికి వస్తాడు. ఇవాళ మధ్యాహ్నం రెండుకి మాగ్నీ వంతు. ఈ విమానం తప్పితే తర్వాతి విమానం సాయంత్రం ఆరున్నరకు. ఈ వంతు తప్పితే తర్వాతి వంతు జనవరిలో. జనవరి దాకా ఆగితే ఎంత చూపు మిగులుతుందో చెప్పలేనని డాక్టరు ఉత్తరంలోనే రాశాడు. ఆ ఉత్తరం మాగ్నీకి చదివి వినిపించింది తోరిలే.

చక్రం తిరుగుతూనే ఉంది.

గోడకు అంటించిన నియమాల కాగితం వైపు ఐలిఫ్ గడ్డం చూపించాడు. "ఆరో నంబరు చదువు. వ్యవస్థ ముప్పై నిమిషాలకు మించి పనిచేయకపోతే స్టేషన్ అధికారి, అంటే నువ్వు, కాగితం మీద విమానం నడపొచ్చు. ఇప్పుడే పడిపోయిందని ప్రకటించెయ్యి."

"ముప్పై కాలేదు. పదిహేను."

"ఎవడు లెక్కపెడతాడు?"

"నేను."

ఐలిఫ్ పోయి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట విమానం వచ్చి ఆగి ఉంది. ముప్పై తొమ్మిది సీట్లది. దిగవలసినవాళ్లు దిగారు, ఎక్కవలసిన పంతొమ్మిది మందీ హాల్లో ఎవరి ఫోన్లో వాళ్లు తల దూర్చి ఉన్నారు.

తొమ్మిదీ ముప్పై, ముప్పై మూడు. తోరిల్ గడియారం వైపు, తెర వైపు మార్చిమార్చి చూసింది. ఇంకో ఆరు నిమిషాలు ఇలాగే ఉండిపోతే చాలని, జన్మలో మొదటిసారి కంప్యూటర్ బాగుపడకూడదని కోరుకుంది.

తొమ్మిదీ ముప్పై ఆరుకి తెర వెలిగింది. పంతొమ్మిది పేర్లూ బుద్ధిగా వరుసలో ఉన్నాయి. పైన బూడిదరంగు పట్టీ మీద ఒకటే మాట: మూసివేయబడింది.

ఇరవై ఏడు నిమిషాలు. మూడు తక్కువ.

"చూశావా," అన్నాడు ఐలిఫ్. "నీ కోసమే లేచొచ్చింది, దొంగముండది."

తోరిల్ 'ప్రయాణికుల చేర్పు' నొక్కింది. కుదరదంది. 'స్టేషన్ అధికారి ఆదేశం' నొక్కింది. మీకు ఆ అధికారం లేదంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే పాట మొదలైంది. వరుసలో మీరు పదకొండోవారు. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆమె మళ్లీ అవే బొత్తాలు అదే వరుసలో నొక్కింది, ఈసారి నెమ్మదిగా, నెమ్మదిగా నొక్కితే మనసు మార్చుకుంటుందేమో అన్నట్టు.

తొమ్మిదీ నలభై ఏడుకి తలుపు తెరుచుకుని గాలితో పాటు మాగ్నీ వచ్చింది. ముదురు నీలం కోటు, చేతిలో చిన్న పెట్టె, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన లెఫ్సె రొట్టెలు.

"ఇవి నీకు. వెన్న, చక్కెర రాసే ఉన్నాయి. ఐలిఫ్‌కి అన్నీ ఇవ్వకు," అంటూ బల్ల మీద పెట్టింది. తల కుడివైపు కాస్త తిప్పి తోరిల్‌ని చూసింది. "ఏంటే అలా ఉన్నావు? చేపముల్లు మింగావా?"

"జాబితా మూసుకుపోయింది అత్తా."

"తెరువు మరి."

"నా చేతిలో లేదు."

మాగ్నీ కిటికీలోంచి బయటికి చూసింది. విమానం పక్కన ఇంధనం బండి కూడా ఇంకా కదల్లేదు. "నేనిక్కడ నిలబడ్డా. అదక్కడ నిలబడింది. మధ్యలో మూసిందెవరు?"

"కంప్యూటర్."

"ఏదీ, బల్ల కిందదా? ఐలిఫ్ మేజోళ్లు ఆరేసేది?"

"అది తీసేశారు. ఇప్పుడంతా వేరే దేశంలో ఉంది."

"వేరే దేశంలో ఉన్నదానికి నా సంగతి ఏం తెలుసే?"

"తెలీదు. అదే కదా," అంది తోరిల్. ఆమె గొంతు తనకే కటువుగా వినిపించింది.

"విమానంలో చోటు లేదా?"

"ఇరవై సీట్లు ఖాళీ."

మాగ్నీ పెట్టె పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి చిన్న సీసా తీసింది. "సరే, నీ గొడవ నువ్వు చూసుకో గానీ, ముందు ఈ చుక్కలు వెయ్యి. గంటకోసారి వెయ్యాలట. పొద్దున కోరెతో వేయించుకుంటే చెంప మీద వేశాడు."

తోరిల్ పాట వినిపిస్తున్న రిసీవరు ఐలిఫ్ చేతికిచ్చి బల్ల దాటి వచ్చింది. ఆవిడ తల వెనక్కి వాల్చి, వేలితో కింది రెప్ప లాగి, ఒక చుక్క వేసింది. ఆ కన్ను ఇంకా లేత నీలంగా, స్వచ్ఛంగా ఉంది. చూస్తే ఏ జబ్బూ ఉన్నట్టు లేదు. మాగ్నీ చెయ్యి మాత్రం తోరిల్ మణికట్టును పట్టుకుని ఉంది. ఆ పట్టు చెప్పింది ఆవిడ ఎంత భయపడుతోందో.

"జనవరి అయితే జనవరి," అంది మాగ్నీ కళ్లు మూసుకునే. "నువ్వు మొహం అలా పెట్టకు."

"ఎలా పెట్టానో నీకు కనిపించడం లేదుగా."

"ఊపిరి తెలుస్తోంది."

తోరిల్ లేచి నిలబడేసరికి ఐలిఫ్ ఒక చేత్తో రిసీవరు పట్టుకుని, రెండో చేత్తో గోడ మీది నెట్‌వర్క్ డబ్బా తీగను వేలికి చుట్టుకుని ఉన్నాడు.

"ఒక్క లాగు," అన్నాడు తగ్గు గొంతుతో. "మళ్లీ పడిపోయిందంటాం. కాలు తగిలిందంటాను. నా కాళ్లు అందరికీ తెలిసినవే."

"వదులు."

"తోరిల్—"

"లాగినా ముప్పై నిమిషాలు మొదటి నుంచీ లెక్కపెట్టాలి. విమానానికి ఉన్నది ఇరవై నాలుగు. పైగా నేను అబద్ధం రాయను. ఈ బల్ల మీద ఎప్పుడూ రాయలేదు."

"అయితే నిజం రాసి ఆవిణ్ని గుడ్డిదాన్ని చెయ్యి."

ఆ మాట అన్నాక ఐలిఫ్ మొహం ఎర్రబడింది. తీగ వదిలేశాడు. తోరిల్ కోపం అతని మీదికి కాదు. తెర మీదికి కూడా కాదు. ఎవరి మీదికో తెలిస్తే వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడేది. గుమ్మమే లేదు.

పాట ఆగింది. "సహాయ కేంద్రం, రాసా మాట్లాడుతున్నాను," అంది ఒక ఆడగొంతు. ఐలిఫ్ రిసీవరు అందించాడు.

తోరిల్ ఊరి పేరు, విమానం నంబరు, జరిగింది ఒక్కొక్కటే చెప్పింది. ఒక్క ప్రయాణికురాలు, ఖాళీ సీట్లు, కంటి ఆపరేషన్, ఇంకా బయలుదేరని విమానం.

"నన్ను క్షమించండి. మూసుకున్న జాబితా ఇక్కణ్నుంచి మేమూ తెరవలేం," అంది రాసా. "తెరిచే మనుషులు వేరే ఉన్నారు. వాళ్లకు రాస్తే నాలుగు గంటల్లో చూస్తారు."

"నాలుగు గంటల తర్వాత ఆవిడ ఆపరేషన్ బల్ల మీద ఉండాలి."

"తెలుసండీ." గొంతు కాస్త తగ్గింది. "పొద్దుట్నుంచి నాకు ఇలాంటిది ఇది తొమ్మిదోది. నా పక్కావిడ ఏడుస్తోంది. ముప్పై నిమిషాలు పడిపోయి ఉంటే మీరు కాగితం మీద నడుపుకోవచ్చు కదా?"

"ఇరవై ఏడు నిమిషాలు. తొమ్మిదీ తొమ్మిది నుంచి ముప్పై ఆరు దాకా."

అవతల మీటలు నొక్కిన చప్పుడు.

"నా దగ్గర అలా లేదండీ," అంది రాసా నిదానంగా. "నా తెర మీద మీ స్టేషన్ ఇంకా పడిపోయే ఉంది. మీ 418 ఫిర్యాదు తెరిచే ఉంది."

"ఇక్కడ వెలిగింది. నా ఎదురుగానే ఉంది."

"కావచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లు అవుననేదాకా మేం మూయకూడదు. పోయిన వారమే వచ్చింది ఆ నియమం. ఎవరో ఉత్తరం రాశారట, నాలుగు పేజీలు. మా పర్యవేక్షకుడు అందరికీ చదివి వినిపించాడు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ఏం చెయ్యమని నేను మీకు చెప్పకూడదు. నా తెర మీద ఉన్నది చెబుతున్నానంతే. తొమ్మిదీ పన్నెండుకి నమోదైంది, ఇప్పుడు తొమ్మిదీ యాభై మూడు. నలభై ఒక్క నిమిషాలు. అడగడం నా పని గనక అడుగుతున్నాను. మీ సమస్య పరిష్కారమైందా?"

తోరిల్ తెర వైపు చూసింది. మూసివేయబడింది, అంటోంది అది. పంతొమ్మిది పేర్లు. బెంచీ మీద నీలం కోటు.

"కాలేదు," అంది.

"సరేనండీ. అరగంటాగి మళ్లీ అడుగుతాను."

రిసీవరు పెట్టాక కూడా తోరిల్ చెయ్యి దాని మీదే ఉంది. అన్నది అబద్ధం కాదు. సమస్య పరిష్కారం కాలేదు. అయినా కడిగిన గిన్నెకు జిడ్డు మిగిలినట్టు ఏదో మిగిలింది. దాని సంగతి తర్వాత చూసుకుందామనుకుని కింది సొరుగు లాగింది. బరువుల పత్రాలు అడుగున ఉన్నాయి, అంచులు పసుపెక్కి.

"ఐలిఫ్, అత్త పెట్టె తూకం వెయ్యి. అందరినీ పిలువు. కెప్టెన్‌ని లోపలికి రమ్మను."

పెట్టె ఆరు కిలోల నాలుగొందలు. ఇరవై మంది, చలికాలపు కోట్ల బరువుతో కలిపి. ముందు వరుసల్లో ఎందరు, వెనక ఎందరు. పెన్సిలు తడబడకుండా నడిచింది. మాగ్నీని నాలుగో వరుసలో కిటికీ పక్కన పెడితే బరువు సరిగ్గా కుదిరింది. రెండోసారి కింద నుంచి పైకి కూడింది. అదే వచ్చింది.

కెప్టెన్ దువార్తె పోర్చుగీసువాడు, ముప్పై దాటి ఉండవు. ఏదో ఏజెన్సీ ద్వారా చలికాలానికి వచ్చాడు. కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు.

"ఇది శిక్షణలో చూశాను. మ్యూజియంలో ఉందనుకున్నా."

"ఇదే మ్యూజియం," అన్నాడు ఐలిఫ్.

"వ్యవస్థ పనిచేయడం లేదా? నా టాబ్లెట్‌లో మీ పత్రం వచ్చింది. పంతొమ్మిది మందని."

తోరిల్ అతని కళ్లలోకి చూసింది. "మా ఫిర్యాదు ఇంకా తెరిచి ఉంది. నంబరు ఇదిగో. ముప్పై నిమిషాలు దాటింది. ఇరవయ్యో మనిషి అదిగో. మీరు పంతొమ్మిదితో వెళ్లాలంటే ఆవిడకు ఆ మాట మీరే చెప్పండి."

దువార్తె బెంచీ వైపు చూశాడు. మాగ్నీ అతనికి తల ఊపింది, దీవి రేవులో ఎవరొచ్చినా ఊపినట్టే. అతను కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, ప్రతి కూడికా తనూ చేసుకున్నాడు. అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ తోరిల్‌కి కోపం రాలేదు. చేయవలసిన పని అది, చేస్తున్నాడు.

"మీ అంకెలు అందంగా ఉన్నాయి," అని సంతకం పెట్టాడు.

మాగ్నీ మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, కాస్త పక్కకు, ఇంధనం బండి ఉన్న దిక్కుకి. విమానం పదీ పంతొమ్మిదికి లేచింది. నాలుగు నిమిషాలు ఆలస్యం.

పదిన్నరకు రాసా అన్నమాట ప్రకారం ఫోన్ చేసింది. తోరిల్ అవునంది. 418 మూసుకుంది.

ఆలస్యానికి కారణం ఎంచమని తెర ఒక జాబితా చూపించింది. ఎనభై కారణాలున్నాయి. ఫెర్రీ లేదు. తోరిల్ 'ఇతర' నొక్కి లెఫ్సె ఒకటి చేతిలోకి తీసుకుంది. రెండో ముక్క కొరికేలోగా తెర మీద ఇంకో వరుస దిగింది.

మాగ్నీ: రాలేదు. తిరుగు ప్రయాణం, శుక్రవారం: రద్దు చేయబడింది.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కాగితం మీద ఎక్కిన మనిషి వ్యవస్థ లెక్కలో ఎక్కనట్టే. తర్వాత నోట్లో ఉన్నది మింగి, బూదె విమానాశ్రయానికి ఫోన్ చేసింది.

"శుక్రవారం మధ్యాహ్నం కంటికి కట్టుతో ఒకావిడ వస్తుంది," అంది. "నీలం కోటు. మీ యంత్రం ఆవిడ లేదంటుంది. ఉంది."

"శుక్రవారం మధ్యాహ్నం మా బల్ల దగ్గర మనుషులుండరు తోరిల్," అంది అవతలావిడ. "మొన్నట్నుంచి యంత్రాలే. నిన్ను సహాయ కేంద్రానికి కలపనా?"

"వద్దు. నాకు నంబరు తెలుసు."

ఐలిఫ్ గుడ్డ విప్పి మూడో లెఫ్సె తీసుకుంటున్నాడు. "నేను శుక్రవారం సెలవు పెడతా," అన్నాడు నోరు నిండా. "బండి వేసుకెళ్లి తీసుకొస్తా. రెండు ఫెర్రీలు, ఆరు గంటలు. మబ్బుతో పని లేదు."

"ఎదురుగాలి వేస్తే ఎనిమిది."

"ఎనిమిదే. ఆవిడ దారంతా నన్ను తిడుతుంది. నిద్ర రాదు."

తోరిల్ ఆ రోజు కాగితం మీద ఇరవయ్యో పేరు పక్కన 'వెళ్లింది' అని రాసి, కింద గీత గీసింది. పెన్సిలు చెక్కుకుని, కొత్త కాగితం మీద 'శుక్రవారం' అని మొదలుపెట్టింది. తర్వాత రిసీవరు ఎత్తింది. పాట మొదలైంది. వరుసలో ఆమె పద్నాలుగోది.